కొండమీదికి సువార్త యాత్ర: ఇంటి దగ్గర ఉండిపోయే చిన్న గుంపు మోసేది ఏమిటి?

ఫిబ్రవరి దాటిందంటే ఒడిశా సరిహద్దులో ఉన్న మా పర్లాకిమిడి చర్చిల్లో ఒక ప్రకటన వినబడుతుంది: "ఎండాకాలం సెలవుల్లో కొండ గ్రామాలకు సువార్త యాత్ర ఉంది, వెళ్ళదలచినవాళ్ళు పేర్లు ఇవ్వండి." ఆ తర్వాత వచ్చే గురువారం మా కాటేజ్ ప్రార్థనలో, అంటే ఇళ్ళల్లో జరిగే వారపు కూటంలో, ప్రార్థన కంటే ప్రశ్నలే ఎక్కువగా ఉంటాయి. వెళ్ళేవాళ్ళ ఖర్చు మనమే పెట్టుకోవాలా? ఒడిశాలో మతమార్పిడి చట్టం ఉంది కదా, మనవాళ్ళ మీద కేసు పెడితే? ఐదు రోజుల కోసం అంత ఖర్చు చేసే బదులు ఆ డబ్బు అక్కడి పాస్టరుగారికే పంపితే పోదా? అమెరికాలో ఉన్న మా అబ్బాయి పంపిస్తానంటున్నాడు, తీసుకోవచ్చా?

అన్నీ న్యాయమైన ప్రశ్నలే. అయితే ఒకదానికి జవాబు వెతికితే రెండోది ముడి పడుతుంది. డబ్బు గురించి మాట్లాడితే చట్టం వస్తుంది, చట్టం గురించి మాట్లాడితే భాష వస్తుంది. అందుకే మొదటినుంచి విప్పుకుంటూ వద్దాం.

ఏది యాత్ర, ఏది గుంపు

సువార్త యాత్ర, ఇంగ్లీషులో షార్ట్ టర్మ్ మిషన్ ట్రిప్, అంటే కొన్ని రోజులో, కొన్ని వారాలో వేరే చోటికి వెళ్ళి, అక్కడి సంఘం పనికి చేయి కలిపి తిరిగి రావడం. ఏళ్ళ తరబడి అక్కడే కాపురముండే మిషనరీ పని వేరు, ఇది వేరు. చాలా గొడవలు ఈ తేడా మరిచిపోవడం వల్లే వస్తాయి. ఐదు రోజుల్లో సంఘాలు పుట్టవు. ఉన్న సంఘానికి కాస్త ఊపిరి పోయవచ్చు, పిల్లలకు వి.బి.ఎస్. (సెలవుల బైబిలు బడి) నడపవచ్చు, గుడి పాకకు రేకులు వేయవచ్చు, రోగుల దగ్గర కూర్చోవచ్చు.

చిన్న గుంపు అంటే ఎనిమిది, పది కుటుంబాలు వారానికోసారి ఒకరింట్లో కలిసే కూటం. కొందరు సెల్ గ్రూప్ అంటారు, కొందరు గృహ కూటం అంటారు. పెద్ద చర్చి యాత్రను ప్రకటిస్తుంది, పాస్టరుగారు ప్రార్థన చేసి పంపుతారు. కానీ వెళ్ళే కుర్రాడి తల్లికి షుగర్ ఉందని, అతని ఆటోకి ప్రతి నెలా పదో తేదీన కిస్తు కట్టాలని తెలిసేది ఈ పది కుటుంబాలకే.

బైబిల్లో దీనికి ఆధారాలు చాలా ఉన్నాయి. అపొస్తలుల కార్యాలు 13లో అంతియొకయ సంఘం ఉపవాసముండి, చేతులుంచి ఇద్దరిని పంపింది. 14వ అధ్యాయం చివర వాళ్ళు అదే సంఘానికి తిరిగొచ్చి జరిగిందంతా చెప్పారు. నాకు ఎక్కువగా గుర్తొచ్చేది మాత్రం 1 సమూయేలు 30. దావీదుతో బయల్దేరిన 600 మందిలో 200 మంది అలసిపోయి బెసోరు వాగు దగ్గర సామాను కాచుకుంటూ ఉండిపోయారు. వాళ్ళకు గెలిచి తెచ్చిన సొమ్ములో వాటా ఇవ్వనక్కరలేదని కొందరు అంటే దావీదు ఒప్పుకోలేదు. వెళ్ళినవాడికి ఎంతో ఉండినవాడికీ అంతే అన్నాడు.

బియ్యం డ్రమ్ము అడుగు

కొన్నేళ్ళ కిందట నేనూ ఒక యాత్రలో ఉన్నాను. గుమ్మ వైపు కొండల్లో ఒక సవర గిరిజనుల గ్రామం. మేం ఎనిమిది మందిమి, నాలుగు రోజులు. జీపులో గిటారు, డోలక్, కరపత్రాల కట్టలు, రెండు బస్తాల పాత బట్టలు ఎక్కించుకున్నాం. బియ్యం ఎక్కించుకోవాలని మా ఎవరికీ తట్టలేదు.

మూడో రోజు ఉదయం నీళ్ళ కోసం వంటపాకలోకి వెళ్ళాను. అక్కడి పాస్టరమ్మగారు డ్రమ్ములోకి నడుం దాకా వంగి, సోలతో అడుగు గీస్తున్నారు. రేకు మీద సోల గీసుకున్న ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నన్ను చూసి గబుక్కున మూత పెట్టేసి, "ఏం కావాలి బాబూ, టీ పెట్టమంటారా?" అన్నారు. ఆ మధ్యాహ్నం మాకు మామూలుగానే అన్నం పెట్టారు, కోడికూర కూడా. ఆ ఇంటివాళ్ళు ఎప్పుడు తిన్నారో నేను చూడలేదు.

ఇంటికొచ్చాక లెక్క వేశాను. మనిషికి రోజుకు అరకిలో బియ్యం అనుకుంటే, ఎనిమిది మందికి నాలుగు రోజులకు 16 కిలోలు. ఆహార భద్రతా చట్టం కింద రేషన్‌లో మనిషికి నెలకు వచ్చేది 5 కిలోలు. ఆ ఇంట్లో నలుగురు, అంటే నెలకు 20 కిలోలు. సువార్త చెప్పడానికి వెళ్ళిన మేము ఒక ఇంటి నెల రేషన్‌లో ఐదింట నాలుగు వంతులు తినేసి వచ్చాం. వచ్చాక చర్చిలో సాక్ష్యం కూడా చెప్పాం.

తప్పు ఆ ఇంటివాళ్ళది కాదు, వాళ్ళ మర్యాద వాళ్ళు చేశారు. తప్పు మాది, మమ్మల్ని పంపినవాళ్ళది. బయల్దేరేముందు "మీరు అక్కడ ఏం తింటారు, ఎవరి గిన్నెలో తింటారు?" అని ఒక్కరైనా అడిగి ఉంటే ఆ డ్రమ్ము ఖాళీ అయ్యేది కాదు. చిన్న గుంపు చేయగల సాయంలో మొదటిది అలాంటి ప్రశ్న అడగడమేనని నేను నమ్ముతాను. డబ్బు ఆ తర్వాత.

కాలం సంగతీ అంతే. మన ఊళ్ళో సెలవులు ఏప్రిల్, మే నెలల్లో. కొండమీద అది జీడిపిక్కలు ఏరే కాలం, చాలా ఇళ్ళకు ఏడాదిలో చేతికి డబ్బు కనబడే రోజులు. మన సెలవులు చూసుకుని పగలు కూటాలు పెడితే వాళ్ళు మొహమాటానికి వచ్చి కూర్చుంటారు, కూలి పోగొట్టుకుంటారు.

తొమ్మిది వేల లెక్క

ఖర్చు ఎలా పడుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. అంకెలు నేను ఊహించి వేసినవే, తీరు మాత్రం నిజానికి దగ్గరగా ఉంటుంది.

నలుగురు, నాలుగు రోజులు. జీపు రానుపోను 3,600 రూపాయలు. తిండికి మనిషికి రోజుకు 150 చొప్పున 2,400, దీన్ని ముందే ఆతిథ్యమిచ్చే ఇంటికి అందించాలి. మందులు, దోమతెరలు, రీచార్జి కలిపి 600. ఇంతవరకు అందరూ వేసే లెక్కే. మరిచిపోయేది ఇంకొకటి ఉంది. నలుగురిలో ఒకరు ఆటో నడిపే బ్రదర్. అతను నాలుగు రోజులు బండి తీయకపోతే రోజుకు 600 చొప్పున 2,400 పోతాయి. అది కూడా యాత్ర ఖర్చే. కలిపితే 9,000. పది కుటుంబాలు మూడు నెలలు కూడబెడితే ఇంటికి నెలకు 300.

కూలి సంగతి మాట్లాడకపోతే ఏమవుతుందంటే, ఉద్యోగస్థులు, కాలేజీ పిల్లలు మాత్రమే యాత్రలకు వెళ్తారు. సవర పాటలు వచ్చిన తాపీమేస్త్రీ ఇంట్లోనే ఉండిపోతాడు. నిజానికి ఆ ఊరికి కావలసింది అతనే కావచ్చు.

మరి నెలకు 300 ఇవ్వలేని ఇల్లు? మా గుంపులో ఒక పెద్దావిడ పింఛను మీద బతుకుతారు. ఆవిడ ప్రతి పూటా వండేముందు గుప్పెడు బియ్యం పక్కన పెడతారు. ఇది చాలా చర్చిల్లో ఉన్న అలవాటే. మిజోరంలో క్రైస్తవ స్త్రీలు 1910లో మొదలుపెట్టిన ఈ గుప్పెడు బియ్యం పద్ధతి అక్కడి సంఘాల మిషనరీ పనికి పెద్ద ఆదాయ మార్గమైంది. గొప్ప ఆస్తులున్నవాళ్ళు కాదు, వంటింట్లో నిలబడిన ఆడవాళ్ళు నడిపిన పని అది.

లెక్క ఎవరి చేతిలో ఉండాలన్నది ఇంకో చిక్కు. యెరూషలేముకు కానుక మోసుకెళ్ళేటప్పుడు ఎవరూ తనమీద తప్పు మోపకుండా పౌలు ఇతరులను తోడు తీసుకెళ్ళాడని 2 కొరింథీయులు 8లో ఉంది. పౌలంతటివాడికే ఆ జాగ్రత్త అవసరమైంది. వెళ్ళే మనిషి కాకుండా వేరే ఇద్దరు డబ్బు చూసుకుని, తిరిగొచ్చాక కూటంలో రసీదులు చదివి వినిపించే గుంపుల్లో గుసగుసలు తక్కువగా ఉంటాయి.

వెళ్ళడమా, పంపడమా

ఇక అసలు వాదన. ఆ 9,000 అక్కడి సువార్తికుడికే పంపితే మేలు కదా అనేవాళ్ళ మాటలో బలముంది. ఆయనకు భాష వచ్చు, దారి తెలుసు, ఏడాది పొడుగునా అక్కడే ఉంటాడు. ఐదు రోజుల అతిథులకు వండిపెట్టే భారం ఆ ఇంటికి తప్పుతుంది. యాత్రకు వెళ్ళినవాళ్ళు మారినంతగా ఆ ఊరు మారదని కూడా వాళ్ళంటారు.

వెళ్ళాలనేవాళ్ళ మాటలోనూ నిజముంది. ఎవరూ వెళ్ళకపోతే పంపే చేయి కూడా మెల్లగా ముడుచుకుంటుంది. కొండెక్కి, ఆ ఇంటి నేలమీద పడుకుని వచ్చినవాడు ఆ పాస్టరుగారి పేరు ప్రార్థనలో మరిచిపోడు. ఇంకొకటి, మారుమూల నాలుగు కుటుంబాలే ఉన్న సంఘానికి మనిషి మొహం కనబడటం డబ్బుతో కొలిచేది కాదు. ఫిలిప్పీ సంఘం పౌలుకు కానుక పంపింది, దాన్ని మోసుకెళ్ళడానికి ఎపఫ్రొదితు అనే మనిషినీ పంపింది.

నా మటుకు నాకు ఈ తగువు తీర్చాల్సింది మనం కాదనిపిస్తుంది. ఆ ఊరి సంఘాన్ని అడగాలి. అదీ వాళ్ళు కాదనగలిగేలా అడగాలి. "మేం వస్తున్నాం, పర్వాలేదా?" అంటే ఎవరూ వద్దనరు. "ఈ ఏడు మనుషులు వస్తే ఉపయోగమా, రేకులకు డబ్బు పంపితే ఉపయోగమా?" అంటే నిజం చెప్పడానికి వీలుంటుంది.

భాష కూడా ఈ లెక్కలోదే. సవర భాష ముండా కుటుంబానిది. మన తెలుగుకూ, ఒడియాకూ దానితో చుట్టరికం లేదు. కింది ఊళ్ళలో చాలామంది సవరలకు తెలుగో ఒడియానో వచ్చు గానీ, పై ఊళ్ళలో ముసలివాళ్ళకు, చిన్నపిల్లలకు మన పాట రాగం వరకే చేరుతుంది. మా పర్లాకిమిడిలోనే మాస్టరుగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల దగ్గరే ఆ భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకు బడులు పెట్టి, 1931లో సవర వ్యాకరణం అచ్చువేయించారు. ఆయన చేసింది మత ప్రచారం కాదు, కానీ ఒక జనాన్ని గౌరవించడమంటే ఏమిటో చూపించారు. క్రైస్తవుల్లోనూ అలాంటివాళ్ళున్నారు. 1903లో తిరునల్వేలి తమిళ క్రైస్తవులు ఒక మిషనరీ సంఘం పెట్టుకుని, తమ కానుకలతో తెలుగు నేలమీద దోర్నకల్‌కు మనుషుల్ని పంపారు. దాన్ని నిలబెట్టిన వి.ఎస్. అజరయ్యగారు తమిళుడై ఉండి తెలుగు నేర్చుకుని, అక్కడే స్థిరపడి, 1912లో దోర్నకల్ బిషప్పయ్యారు. పది సవర మాటలు, ఒక సవర పాట నేర్చుకోవడానికి మన గుంపుకు రెండు నెలల గురువారాలు చాలు.

1967 చట్టం ఏమంటుంది

పాతపట్నం దాటి పర్లాకిమిడిలో అడుగుపెడితే రాష్ట్రం మారుతుంది, చట్టమూ మారుతుంది. ఆంధ్ర వైపు నుంచి వచ్చే బృందాలు ఈ సంగతి గమనించరు.

ఒడిశా మత స్వేచ్ఛ చట్టం 1967లో వచ్చింది. బలవంతంతో, ప్రలోభంతో, మోసంతో ఒకరి మతం మార్చడం నేరమంటుంది. శిక్ష ఏడాది వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ. ఆ మనిషి మైనరు, స్త్రీ, ఎస్సీ లేదా ఎస్టీ అయితే రెండేళ్ళు, 10,000 వరకు. మనం వెళ్ళేది ఎస్టీ గ్రామాలకే కాబట్టి రెండోదే మనకు వర్తించేది.

మాటల అర్థాలు చూస్తే సంగతి తెలుస్తుంది. బలవంతం అంటే కొట్టడమే కాదు, దేవుని కోపం వస్తుందని బెదిరించడం, వెలివేస్తామనడం కూడా. ప్రలోభం అంటే డబ్బు గానీ వస్తువు గానీ కానుకగా ఇవ్వజూపడం, ఏ రకమైన లాభమైనా కలిగించడం. 1989 నిబంధనల ప్రకారం మతమార్పిడి కార్యం జరిపించే గురువు 15 రోజుల ముందు జిల్లా మేజిస్ట్రేటుకు తెలియజేయాలి.

ఈ చట్టాన్ని 1972లో ఒడిశా హైకోర్టు కొట్టేసింది. 1977లో సుప్రీంకోర్టు మధ్యప్రదేశ్ చట్టంతో కలిపి విచారించి, రెండూ చెల్లుతాయంది. రాజ్యాంగం 25వ అధికరణం తన మతాన్ని చెప్పుకునే, ప్రచారం చేసుకునే హక్కు ఇస్తుంది గానీ, మరొకరిని మార్చే హక్కు ఇవ్వదని తీర్పు చెప్పింది. పేదవాళ్ళ ఆకలిని వాడుకోకుండా ఇది కాపాడుతుందని చట్టాన్ని సమర్థించేవాళ్ళు అంటారు. ప్రలోభం అన్న మాట మరీ వెడల్పుగా ఉందని, దాన్ని పట్టుకుని మామూలు ప్రార్థనలనూ అడ్డుకోవచ్చని వ్యతిరేకించేవాళ్ళు అంటారు. రెండు వైపులా భయం నిజమైనదే.

మన యాత్రకు వచ్చేసరికి మూడు సందర్భాలు ఊహించుకోండి. ఆ ఊరి సంఘం పిలిస్తే వెళ్ళి, వాళ్ళ ఆరాధనలో పాటలు పాడి వాక్యం చెప్పారు. ఇది ఉన్న విశ్వాసుల సహవాసం, ఇక్కడ మతమార్పిడి మాటే లేదు. రెండోది, మందుల క్యాంపు పెట్టి, ప్రార్థనకు కూర్చున్నవాళ్ళకే టోకెన్లు ఇచ్చారు. ఇక్కడ లాభాన్ని ప్రార్థనకు ముడిపెట్టారు. చట్టం సంగతి పక్కన పెట్టినా, రోగి దగ్గర అది చేయదగిన పని కాదు. మా రెండు బస్తాల పాత బట్టలు ఆ అంచుకు దగ్గరగానే ఉండేవని ఇప్పుడు అనిపిస్తుంది. మూడోది, ఒకతను వచ్చి బాప్తిస్మం కావాలన్నాడు. వచ్చినవాళ్ళు ఉత్సాహంతో ఆ సాయంత్రమే ఏటిలోకి దింపితే, మర్నాడు జీపు ఎక్కేది వాళ్ళు, జవాబు చెప్పుకునేది అక్కడి పాస్టరుగారు. ఆ పని ఆయనది, నోటీసుతో సహా.

చట్టాలు మారుతుంటాయి గనుక బయల్దేరేముందు తెలిసిన వకీలును ఒకసారి అడగడం కూడా గుంపు చేయగల సాయమే.

విదేశాల్లో ఉన్న మన పిల్లలు

ఇక్కడ తేడా పాస్‌పోర్టును బట్టి ఉంటుంది. అబ్బాయికి ఇంకా భారత పాస్‌పోర్టే ఉంటే, తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద లెక్క కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నాడంటే, పుట్టింది పర్లాకిమిడిలోనే అయినా, విదేశీ విరాళాలను అదుపు చేసే ఎఫ్.సి.ఆర్.ఎ. 2010 చట్టం దృష్టిలో అది విదేశీ డబ్బే. రిజిస్ట్రేషన్ లేని చిన్న గుంపు యాత్ర కోసం దాన్ని తీసుకోవడానికి లేదు.

అతనే సెలవుల్లో వచ్చి యాత్రకు వస్తానన్నా ఇదే చిక్కు. టూరిస్టు వీసా మత ప్రచారానికి చెల్లదు. ఓ.సి.ఐ. కార్డు (విదేశీ పౌరసత్వమున్న భారత సంతతివాళ్ళకిచ్చే కార్డు) ఉన్నవాళ్ళు మిషనరీ పని చేయాలంటే ప్రత్యేక అనుమతి కావాలని 2021 కేంద్ర నోటిఫికేషన్ చెబుతోంది.

వాళ్ళు కొండమీద ఉన్నన్నాళ్ళు

ప్రార్థన గొలుసు అందరికీ తెలిసిందే, గంటకొకరు చొప్పున పంచుకుంటారు. దాని పక్కనే చేతి పనులుంటాయి. వెళ్ళిన బ్రదర్ ఇంట్లో గ్యాస్ అయిపోతే తేవడం, అతని తల్లి ఇన్సులిన్ వేళకు ఒకరు ఇంటికి వెళ్ళడం, పిల్లల్ని ట్యూషన్‌కు దింపడం. చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. "రెండు రోజులకోసారి రాత్రి ఎనిమిదికి కిందికి దిగి ఫోన్ చేస్తారు" అని ముందే అనుకుంటే ఇంట్లోవాళ్ళకు టెన్షన్ సగం తగ్గుతుంది.

ఫోటోల విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. బట్టల్లేని పసిపిల్లలు, మంచం పట్టిన ముసలివాళ్ళు, తల వంచి ప్రార్థిస్తున్నవాళ్ళు... వీటిని ఊరిపేరుతో సహా వాట్సాప్‌లో పెట్టి "గొప్ప కోత" అని రాస్తే, యాత్రకు వెళ్ళినవాళ్ళకు ఏమీ కాదు. ఆ ఫోటో తిరిగి తిరిగి పక్క ఊరికి చేరితే, అక్కడ ఉండిపోయిన నాలుగు ఇళ్ళకు అవుతుంది. 2008 ఆగస్టులో కంధమాల్‌లో విశ్వ హిందూ పరిషత్ నాయకుడు స్వామి లక్ష్మణానంద సరస్వతి హత్య, ఆ తర్వాత క్రైస్తవుల ఇళ్ళమీద జరిగిన దాడులు ఈ జిల్లాలవాళ్ళెవరూ మరిచిపోలేదు. మన దగ్గరకు వచ్చిన ఫోటోను ముందుకు పంపకుండా ఆపడం, ఇంట్లో ఉన్నవాళ్ళు చేయగల పని.

తిరిగొచ్చాక వినేవాళ్ళు

ఆదివారం చర్చిలో సాక్ష్యానికి ఐదు నిమిషాలిస్తారు. ఐదు నిమిషాల్లో మంచి మాటలే పడతాయి. చిన్న గుంపులో రెండు గంటలుంటాయి. "నాకు అక్కడ కోపం వచ్చింది," "జట్టులో ఇద్దరికి మాటల్లేవు," "ఆ పాప జ్వరం చూసి నాకు ప్రార్థన రాలేదు" అని చెప్పుకోవడానికి చోటు అదే. బియ్యం డ్రమ్ము సంగతి నేను చర్చిలో చెప్పలేకపోయాను. మూడు వారాల తర్వాత కాటేజ్ ప్రార్థనలో చెప్పాను. ఎవరూ సమర్థించలేదు, ఎవరూ తిట్టలేదు. ఒకావిడ మాత్రం, "ఇప్పుడు ఆ ఇంటికి ఎంత బాకీ ఉన్నాం?" అని అడిగింది.

ఒళ్ళు సంగతీ గుంపే కనిపెట్టాలి. దక్షిణ ఒడిశా కొండల్లో మలేరియా ఉంది, అందులోనూ మెదడుకెక్కే ఫాల్సిపారం రకం. దోమ కుట్టాక జ్వరం రావడానికి సాధారణంగా వారం నుంచి నెల పడుతుంది. అప్పటికి యాత్ర సంగతి అందరూ మరిచిపోయి, ఎండదెబ్బ అనుకుంటారు. "నేను కొండమీదికి వెళ్ళొచ్చాను, రక్తపరీక్ష చేయండి" అని డాక్టరుకు చెప్పాలి. ఎపఫ్రొదితు చావు దాకా వెళ్ళొచ్చాడని ఫిలిప్పీయులు 2లో ఉంది. తన జబ్బు కబురు ఇంటి దగ్గర సంఘం విన్నదని అతనెంత దిగులుపడ్డాడో కూడా అక్కడే ఉంది.

ఈ ఏడు మా గుంపు ముందుగా ఆ పాస్టరమ్మగారికే ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టి అందరం చుట్టూ కూర్చున్నాం. ఏం కావాలమ్మా అంటే ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "జీడి అయిపోయాక రండి బాబూ. ఎనిమిదిమంది వద్దు, ఇద్దరు చాలు. ఒకరికి పాక రేకులు బిగించడం రావాలి. పిల్లలకు పాటలు మావాళ్ళే నేర్పుతారు, వాళ్ళకు డోలక్ ఉంటే బాగుంటాది," అన్నారు. తాపీ పని చేసే బ్రదరూ, అతని చెల్లెలూ వెళ్తున్నారు. పాత డోలక్‌కు కొత్త తోలు వేయించాం. బియ్యం 20 కిలోలు వాళ్ళకంటే వారం ముందే బస్సులో వెళ్తుంది.